కర్పెరె: పూలు కోయడం నుంచి మనిషిని ఏకిపారేయడం దాకా

మీ ప్రశ్న ఇది: "కార్పే డియెమ్ అంటే 'రోజును ఒడిసిపట్టు' అని ఎక్కడ చూసినా రాస్తున్నారు. లాటిన్ నిఘంటువులో ఆ క్రియ వెతికితే పూలు కోయడం, గడ్డి కొరకడం, ఉన్ని విడదీయడం, తప్పులు పట్టడం, శత్రువును సతాయించడం, దారి నడవడం, నిద్రపోవడం అని పొంతన లేని అర్థాలు వరసగా కనిపించాయి. ఇందులో అసలు అర్థం ఏది, అలంకారంగా వాడినది ఏది? కార్పెట్, కార్పెంటర్ అనే మాటలు కూడా దీని నుంచి వచ్చినవేనా?"

సూటిగా చెప్పాలంటే, అసలు అర్థంలో "ఒడిసిపట్టడం" లేదు. వేళ్లతోనో పళ్లతోనో పట్టుకుని, పెద్దదానిలోంచి కొంచెం కొంచెంగా విడదీసుకోవడం, అదే "కార్పే"కు మూలమైన కర్పెరె క్రియ. మీరు చెప్పిన అర్థాలన్నీ ఆ ఒక్క కదలిక నుంచే పుట్టాయి. లాటిన్ చాలా ఏళ్లుగా చదువుతూ, చెబుతూ వస్తున్నాను. ఈ క్రియ తెలుగువాళ్లకు అర్థమైనంత తేలికగా ఇంగ్లిష్ మీదుగా వచ్చేవాళ్లకు అర్థం కాదని నా నమ్మకం. ఎందుకో కింద చెబుతాను.

ముందు రూపాలు. కర్పో (కోస్తున్నాను), కర్పెరె (కోయడం), కర్ప్సీ (కోశాను), కర్ప్తుమ్. మూడో గణం క్రియ. ఇందులో "క" తర్వాతి అచ్చు హ్రస్వం, "పె"లో ఉన్నది మన హ్రస్వ ఎకారమే, "దియెమ్"లోది మన దకారం. అందుకే "కర్పె దియెమ్" అని పలికితే రోమన్ ఉచ్చారణకు చాలా దగ్గరగా ఉంటుంది. "కార్పే డియెమ్" అనేది ఇంగ్లిష్ నోటి మీదుగా వచ్చిన పలుకు.

ఇక అసలు అర్థం. రోమన్ కవి వర్జిల్ వ్యవసాయం మీద రాసిన జార్జిక్స్ నాలుగో భాగంలో తరెంతుమ్ ఊరి దగ్గర ఒక ముసలి తోటమాలి ఉంటాడు. ఎవరికీ పనికిరాని కాస్త నేలలో తోట వేసుకుని, వసంతంలో అందరికన్నా ముందు గులాబీ కోసేది, శరత్కాలంలో అందరికన్నా ముందు పండ్లు కోసేది ఆయనే. రెండిటికీ కలిపి వర్జిల్ వాడిన క్రియ ఒక్కటే, కర్పెరె. మనం కూడా మల్లెపూలు కోస్తాం, మామిడికాయలు కోస్తాం. చేతిలో కత్తి ఉన్నా లేకపోయినా క్రియ అదే. లాటిన్‌లోనూ అంతే. క్రీ.శ. 1వ శతాబ్దంలో పెత్రోనియుస్ రాసిన సతిరికోన్‌లో త్రిమల్కియో అనే కొత్త డబ్బున్న పెద్దమనిషి విందు ఇస్తాడు. అక్కడ మాంసం కోసి వడ్డించే బానిస పేరు కర్పుస్. అతన్ని పిలిస్తే "కర్పె", "కోయి" అని ఆజ్ఞాపించినా "కర్పె". త్రిమల్కియో ఆ ఒక్క మాటతోనే పిలుస్తాడు, పనీ చెప్పేస్తాడు. ఈ చమత్కారాన్ని కథలో పక్కన కూర్చున్న అతిథే విడమరిచి చెబుతాడు.

పశువులు మేసేటప్పుడు కూడా ఇదే క్రియ. వర్జిల్ మొదటి ఎక్లోగ్‌లో, అంటే పశుకాపరుల మీది కవితలో, పొలం పోగొట్టుకుని ఊరు విడిచి వెళ్తున్న మెలిబోయుస్ తన మేకలతో అంటాడు: ఇక నేను పాటలు పాడను, నేను కాస్తుండగా మీరు పూసిన పొదలనూ చేదు విల్లో కొమ్మలనూ కొరుక్కుతినే రోజులు ఇక రావు. మేక తినే తీరు గుర్తు తెచ్చుకోండి. ఇక్కడొక చిగురు, అక్కడొక ఆకు. కర్పెరెలో ఉన్న "కొంచెం కొంచెంగా" అనే భావం అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

మూడో వాడుక ఉన్ని పని. అలంకారిక అర్థాలకు అసలు తాళంచెవి ఇదేనని నేననుకుంటాను. గొర్రె నుంచి తీసిన ఉన్ని ఉండలు కట్టి, చిక్కులు పడి ఉంటుంది. దాన్ని వేళ్లతో లాగి, పీచు పీచుగా విడదీస్తే తప్ప వడకడం కుదరదు. జార్జిక్స్ మొదటి భాగంలో రాత్రిపూట దీపం ముందు ఉన్ని పని చేసుకునే అమ్మాయిలు వస్తారు. తూచి ఇచ్చిన ఉన్నిని, అంటే ఆ రోజుకు కేటాయించిన పనిని, లాటిన్‌లో పెన్సుమ్ అంటారు. దీపంలో నూనె చిటపటలాడి, వత్తికి మసి బొడిపెలు కట్టడం చూసి ఆ అమ్మాయిలు గాలివాన వస్తుందని ముందే కనిపెడతారు. అక్కడ వాళ్లు ఆ ఉన్నితో చేసే పనికి వర్జిల్ వాడిన మాట "కర్పెంతేస్", కర్పెరె చేస్తూ ఉన్నవాళ్లు. దీన్ని తెలుగులో చెప్పమంటే నేను వెతుక్కోను. పత్తి విషయంలో మనం దూది ఏకడం అంటాం.

ఇప్పుడు అలంకారిక అర్థాలకు వద్దాం. టీవీలో "ప్రతిపక్ష నేతను ఏకిపారేశారు" అంటే ఏమిటో మీకు తెలుసు. ఒక మనిషినో ఒక పనినో తీసుకుని, పీచు పీచుగా లాగి, తప్పులన్నీ బయట పెట్టడం. లాటిన్‌లో కర్పెరెకు "విమర్శించు, తప్పులు పట్టు" అనే అర్థం సరిగ్గా అలాగే వచ్చింది. రెండు భాషలకూ ఈ విషయంలో ఇచ్చిపుచ్చుకోవడాలు లేవు. ఇక్కడ పత్తి ఏకినవాళ్లకు, అక్కడ ఉన్ని విడదీసినవాళ్లకు ఒకే ఊహ తట్టింది. ఇంగ్లిష్‌లో చదువుకున్న విద్యార్థి "పూలు కోయడం ఎక్కడ, తిట్టడం ఎక్కడ" అని తికమకపడతాడు. తెలుగు విద్యార్థికి "ఏకడం" అని ఒక్క మాట చెబితే చాలు.

ఈ అర్థానికి చక్కటి ఉదాహరణ రోమన్ కవి మార్షల్ మొదటి పుస్తకంలోని రెండు పాదాల చాటువు. లైలియుస్ అనే వ్యక్తిని ఉద్దేశించి అంటాడు: నీ పద్యాలు నువ్వు బయటపెట్టవు, నా పద్యాలను మాత్రం ఏకుతుంటావు, నావి ఏకడం మానెయ్యి, లేదా నీవి బయటపెట్టు. సొంతంగా ఒక్క ముక్కా రాయకుండా ఇతరుల రాతల్లో తప్పులు వెతికేవాళ్లు 2 వేల ఏళ్ల కిందట కూడా ఉన్నారన్నమాట.

అసలు అర్థం, అలంకారిక అర్థం ఒకే చోట పక్కపక్కన కావాలంటే కతుల్లుస్ 62వ కవిత చూడండి. అది పెళ్లిపాట. అబ్బాయిల జట్టు, అమ్మాయిల జట్టు వంతులవారీగా పాడతారు. సాయంకాలపు చుక్క పొడిస్తే పెళ్లికూతురు పుట్టింటి నుంచి వెళ్లిపోతుంది కాబట్టి అమ్మాయిలు ఆ చుక్కను నిందిస్తారు. అబ్బాయిలు ఆ చుక్కతో అంటారు: వీళ్లు ఉత్తుత్తి ఫిర్యాదులతో నిన్ను కర్పెరె చేస్తున్నారు, చేస్తే ఏం, మనసులో కోరుకునేది నిన్నే కదా. కొద్ది పాదాల తర్వాత అమ్మాయిలు కంచె వేసిన తోటలోని పువ్వు గురించి పాడుతూ, సున్నితమైన గోటితో గిల్లగానే అది వాడిపోయిందని, ఇక దాన్ని ఎవరూ కోరరని అంటారు. అక్కడా కర్పెరే. మాటలతో గిల్లడం ఒకటి, గోటితో గిల్లడం ఒకటి. కతుల్లుస్ కావాలనే ఆ రెంటినీ దగ్గరగా పెట్టాడని నా అభిప్రాయం. "గోటితో" అన్న మాటను మాత్రం మర్చిపోకండి. పిడికిలితో పట్టడం ఈ క్రియ స్వభావంలో లేదు.

యుద్ధంలో వాడుక. క్రీ.పూ. 49లో సీజర్ ఇలెర్దా దగ్గర, అంటే నేటి స్పెయిన్‌లోని లేయిదా దగ్గర, తన ప్రత్యర్థి పాంపే సేనానులైన అఫ్రానియుస్, పెత్రేయుస్‌లతో పోరాడుతున్నాడు. వాళ్లు చీకట్లో శిబిరం ఎత్తేసి బయల్దేరారు. నది పొంగి ఉండటంతో సీజర్ కాల్బలం వెంటనే దాటలేని పరిస్థితి. అప్పుడు తనకు మిగిలిన దారి గుర్రపు దళంతో శత్రువుల వరసను ఇబ్బంది పెట్టడం, కర్పెరె చేయడం ఒక్కటేనని సీజర్ తన అంతర్యుద్ధ గ్రంథంలో రాశాడు. ఎదురుగా నిలబడి ఒక్క దెబ్బతో తేల్చేయడం ఇందులో లేదు. వెనక నడిచేవాళ్ల మీద పడి, నలుగురిని దెబ్బతీసి, తప్పుకుని, మళ్లీ రావడం. మేక ఆకులు కొరికినట్టే, కొంచెం కొంచెంగా.

ఇదే భావం మనసు లోపలికి వెళ్తే ఏమవుతుందో వర్జిల్ ఇతిహాస కావ్యం ఈనీడ్ నాలుగో భాగం చెబుతుంది. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఈ క్రియతో వర్జిల్ చేసిన పని చాలామంది అనువాదాల్లో కనిపించకుండా పోతుంది. ఆ భాగం రెండో పాదంలోనే కార్తేజ్ రాణి దీదో గురించి "కైకో కర్పితుర్ ఇగ్నీ" అంటాడు. కంటికి కనిపించని నిప్పు ఆమెను కొంచెం కొంచెంగా తినేస్తోంది. కర్మణి ప్రయోగం. కథానాయకుడు ఈనియాస్ మీది ప్రేమ ఆమెను కోస్తోంది, ఆమె కోయబడుతోంది. తర్వాత అతను తనను వదిలి వెళ్లిపోతాడని తెలిసి ఆమె నిద్రపట్టక వేగిపోయే రాత్రి వస్తుంది. ఆ వర్ణన 522వ పాదంలో మొదలవుతుంది. భూమి మీద అలసిన ప్రాణులన్నీ ప్రశాంతమైన నిద్రను కర్పెరె చేస్తున్నాయి అంటాడు. ఆమె ఒక్కతి తప్ప. మరో 30 పాదాల తర్వాత ఓడలో ఈనియాస్ కనిపిస్తాడు. వెళ్లడానికి నిశ్చయించుకుని, అన్నీ సిద్ధం చేసుకుని, హాయిగా నిద్రపోతున్నాడు. "కర్పేబత్ సొమ్నోస్", నిద్రను కోసుకుంటున్నాడు. మొదట్లో ఆమె విషయంలో కర్మణిగా వచ్చిన క్రియ, చివరికి అతని విషయంలో కర్తరిగా వస్తుంది. ఆమెను నిప్పు తింటోంది, అతను నిద్రను ఆస్వాదిస్తున్నాడు. ఇద్దరి మధ్య అన్యాయమంతా ఒక్క క్రియలో ఉంది. తెలుగులో దీదో వైపు చెప్పడానికి మనకు "గుండెకోత" ఉంది, "కడుపుకోత" ఉంది, కాబట్టి కోయడం అనే మాట దుఃఖం దాకా సాగడం మనకు వింత కాదు. నిద్ర వైపే కష్టం. "నిద్రను కోసుకుంటున్నాడు" అని తెలుగులో అనలేం. అక్కడ నేనైతే "కునుకు తీస్తున్నాడు" అంటాను. ఎంతో కొంత "తీసుకోవడం" అందులో మిగులుతుంది.

నిద్రను కోయడం ఏమిటి అని మీరు అడగొచ్చు. కర్పెరెలో తుంచడంతో పాటు, తుంచినదాన్ని అనుభవించడం కూడా ఉంది. పండు కోసేది తినడానికే కదా. అందుకే నిద్ర, గాలి, యవ్వనం వంటివి కూడా కర్పెరెకు కర్మలయ్యాయి. ఈనీడ్ మొదటి భాగంలో వేటగత్తె వేషంలో వచ్చిన దేవత వీనస్ ఈనియాస్‌తో నువ్వు ప్రాణవాయువులను కర్పెరె చేస్తున్నావు అంటుంది. బతికి ఊపిరి తీసుకుంటున్నావు అని అర్థం. ఊపిరి కూడా ఒక్కసారిగా తీసుకునేది కాదు.

దారి నడవడం కూడా ఈ లెక్కలోనిదే. పెద్ద దూరాన్ని కాస్త కాస్తగా కొరుక్కుంటూ పోవడం. హొరేస్ రోమ్ నుంచి బ్రుందిసియుమ్‌కు చేసిన ప్రయాణాన్ని ఒక పద్యంగా రాశాడు. అందులో వానకు పాడైపోయిన పొడవాటి దారిని "కోసుకుంటూ" రూబీ ఊరికి అలసిపోయి చేరాం అంటాడు. ఆయనే చెప్పిన పట్నపు ఎలుక, పల్లెటూరి ఎలుక కథలో పట్నపు ఎలుక తన నేస్తాన్ని "కర్పె వియమ్" అని తొందరపెడుతుంది. దారి పట్టు, పద అని. ఈనీడ్ ఆరో భాగంలో పాతాళంలో దారి చూపే ప్రవక్త్రి సిబిల్ ఈనియాస్‌తో అనేదీ అచ్చంగా ఇదే మాట. ఈ వాడుక మీద ఇంతకంటే చెప్పాల్సింది లేదు. కవిత్వంలో చాలా మామూలు ప్రయోగం.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకు. "కర్పె దియెమ్" హొరేస్ ఓడ్స్ మొదటి పుస్తకంలో 11వ కవిత చివరి పాదంలో ఉంది. ఓడ్స్ మొదటి మూడు పుస్తకాలు క్రీ.పూ. 23లో వచ్చాయి. ఈ కవిత 8 పాదాలే. చాలామంది రెండు మాటలే చదివి మిగతా కవితను వదిలేస్తారు, చిక్కంతా అక్కడే వచ్చింది.

హొరేస్ ల్యూకొనొయె అనే స్త్రీతో మాట్లాడుతున్నాడు. నీకూ నాకూ దేవుళ్లు ఏ చావు రాసిపెట్టారో అడగకు, అది తెలుసుకోకూడనిది, బాబిలోనియా లెక్కల జోలికి పోకు అంటాడు. బాబిలోనియా లెక్కలంటే జాతకాలు, గ్రహాల గణితం. ఇప్పుడు తిర్రేనియన్ సముద్రాన్ని రాళ్లకేసి కొట్టి నలగ్గొడుతున్న ఈ చలికాలమే మనకు ఆఖరిదైనా కావచ్చు, జూపిటర్ ఇంకా కొన్ని ఇచ్చి ఉండనూ వచ్చు. ఏదైనా సరే, వచ్చినదాన్ని భరించడం మేలు. ఆ తర్వాత వరసగా సలహాలు ఇస్తాడు. తెలివిగా ఉండు. వైన్ వడకట్టు. కాలం కొంచెమే ఉంది కాబట్టి పొడవాటి ఆశను కత్తిరించు. మనం మాట్లాడుతుండగానే అసూయాపరురాలైన కాలం పారిపోయి ఉంటుంది. రోజును కోసుకో, రేపటిని వీలైనంత తక్కువ నమ్ము.

ఆ క్రియల వరస చూడండి. వడకట్టడం, కత్తిరించడం, కోయడం. మూడూ ద్రాక్షతోటకు చెందిన పనులే. ఆశను కత్తిరించమన్నచోట హొరేస్ వాడిన "రెసెకారె" అనే క్రియ అడ్డదిడ్డంగా పెరిగిన తీగను కత్తిరించడానికీ సరిపోయే మాట. తీగ కత్తిరించి, ఉన్న పండును కోసుకుని, వైన్ వడకట్టుకునే మనిషి ఆ కవితలో ఉన్నాడు. గుర్రమెక్కి కత్తి దూసి రోజును జయించే వీరుడు అందులో ఎక్కడా లేడు. పండిన పండు ఈ రోజు చెట్టు మీద ఉంది, రేపు ఉంటుందో రాలుతుందో తెలియదు, కాబట్టి ఈ రోజే కోసుకో అంటున్నాడు. తొందర ఉంది, కానీ దౌర్జన్యం లేదు.

హొరేస్‌కు "లాక్కోవడం" అనే భావం కావలసినప్పుడు వేరే క్రియ చేతిలో ఉంది. పట్టుకోవడానికి కపెరె, లాక్కోవడానికి రపెరె. ఆయనే ఎపోడ్స్ 13వ కవితలో తుఫాను రోజున మిత్రులతో "రోజులోంచి అవకాశాన్ని లాక్కుందాం" అంటాడు. అక్కడ వాడింది రపెరె. సందర్భం దాదాపు ఒకటే. చలిగాలి, వైన్, రేపటి మీద దిగులు. అయినా ల్యూకొనొయెకు చెప్పేటప్పుడు క్రియ మార్చాడు. "ఒడిసిపట్టు" అనే అనువాదం తప్పని నేను గట్టిగా చెప్పడానికి నాకున్న ప్రధాన ఆధారం ఇదే.

అదే భావాన్ని ఓవిడ్ ప్రేమకళ మూడో పుస్తకంలో ఇంకా విప్పి చెప్పాడు: పువ్వును కోసుకోండి, కోయకపోతే అదే వికారంగా రాలిపోతుంది. అయితే కర్పెరె ఎప్పుడూ ఇవాళ్టి సుఖం కోసమే అనుకోకండి. వర్జిల్ తొమ్మిదో ఎక్లోగ్‌లో ఒక పాదం ఉంది: దఫ్నిస్, పియర్ చెట్లకు అంట్లు కట్టు, నీ పండ్లను మనవలు కోసుకుంటారు. అదే క్రియ, భవిష్యత్ కాలంలో. హొరేస్ రేపటిని నమ్మొద్దన్నాడు. వర్జిల్ పాత్ర రెండు తరాల తర్వాతి కోత కోసం చెట్టు పెంచమంటోంది. ఈ రెండు పాదాలనూ ఎప్పుడూ కలిపి చదవమని నా విద్యార్థులకు చెబుతాను.

మరి తెలుగులో ఎలా చెప్పాలి? "ఈ రోజును కోసుకో" అంటే కొత్తగా వినిపిస్తుంది, కానీ నాకు అదే ఇష్టం. లాటిన్‌లో కూడా "రోజు"ను "కోయడం" సహజమైన జోడీగా ఉన్నట్టు లేదు, హొరేస్ చేసిన కొత్త కలయిక అది. కవితను అనువదిస్తుంటే ఆ కొత్తదనం ఉంచండి. ఊరికే ఒక కార్డు మీద రాయడానికైతే "ఉన్న రోజును అనుభవించు" సరిపోతుంది. "రోజును జయించు", "రోజును వశం చేసుకో" మాత్రం వద్దు.

మాటల పుట్టుక గురించి. కార్పెట్ దీని నుంచి వచ్చినదే. మధ్యయుగపు లాటిన్‌లో కర్పిత అంటే మందపాటి ఉన్ని గుడ్డ. ఉన్నిని పీకి విడదీసే పనితో సంబంధం. కార్పెంటర్‌కు దీనితో సంబంధం లేదు. అది కర్పెంతుమ్ అనే బండి పేరు నుంచి వచ్చింది, మొదట బండ్లు చేసేవాడని అర్థం. తప్పులు పట్టడం అనే అర్థంలో ఇంగ్లిష్‌లో ఉన్న "కార్ప్" కాస్త చిక్కు. ఆ మాట ప్రాచీన నార్స్ భాషలో గొప్పలు చెప్పుకోవడం అనే అర్థమున్న క్రియ నుంచి వచ్చి, తర్వాత లాటిన్ కర్పెరె ప్రభావంతో అర్థం మార్చుకుంది. ఇటాలియన్‌లో కర్పీరె ఇప్పటికీ ఉంది. అక్కడ మాత్రం రహస్యాన్ని ఉపాయంగా రాబట్టడం, చేజిక్కించుకోవడం అనే వైపు జరిగింది.

ఉపసర్గలు చేరితే "కర్ప్" కాస్తా "కెర్ప్" అవుతుంది. దేకెర్పెరె అంటే కొమ్మ నుంచి తుంచడం. దిస్కెర్పెరె అంటే ముక్కలుగా చీల్చడం. రోమ్ స్థాపకుడు రోములుస్ మాయమైనప్పుడు సెనేటర్లే అతన్ని చేతులతో చీల్చేశారని కొందరు గుసగుసలాడారని చరిత్రకారుడు లివీ రాసినచోట ఇదే క్రియ. ఎక్స్‌కెర్పెరె అంటే ఏరి తీయడం. పుస్తకంలోంచి ఏరిన భాగాన్ని ఇంగ్లిష్‌లో ఎక్సెర్ప్ట్ అనేది దీని వల్లే. రోమన్ రచయిత పెద్ద ప్లినీ ఏది చదివినా అందులోంచి ఏరి రాసుకోకుండా ఉండేవాడు కాదని ఆయన మేనల్లుడు ఒక లేఖలో చెప్పాడు.

ఇంకా వెనక్కి వెళ్తే, పండు అనే అర్థమున్న గ్రీకు మాట కర్పోస్, ఇంగ్లిష్‌లో పంటకోతను చెప్పే హార్వెస్ట్, కత్తిరించడం అనే అర్థమున్న లిథువేనియన్ క్రియ కిర్ప్తి, వీటన్నిటికీ మూలం ఒకే ఇండో యూరోపియన్ ధాతువని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. సంస్కృతం నుంచి మనకు వచ్చిన "కృపాణం" కూడా ఈ కుటుంబంలోదేనని చాలామంది అంటారు.

నిఘంటువు చూసేటప్పుడు ఒక్క పద్ధతి పాటించండి. అర్థాల జాబితా కంటే ముందు, ఆ వాక్యంలో కర్మ ఏదో చూడండి. పువ్వు, పండు, గడ్డి, ఉన్ని అయితే అసలు అర్థం. మనిషి, పద్యం, పేరు అయితే ఏకడం. సైన్యం, బలం అయితే కొరుక్కుతినడం. దారి అయితే నడవడం. నిద్ర, గాలి, రోజు అయితే అనుభవించడం. కర్మణిలో ఉండి, కర్త స్థానంలో ప్రేమలో పడ్డ మనిషి ఉంటే కుమిలిపోవడం. చదవడం మొదలుపెట్టాలనుకుంటే ముందు మార్షల్ రెండు పాదాలు తీసుకోండి, వ్యాకరణం తేలిక. తర్వాత హొరేస్ 8 పాదాలు. ఈనీడ్ నాలుగో భాగాన్ని మాత్రం మొదటి నుంచి చివరి దాకా చదవండి, 2వ, 522వ, 555వ పాదాల దగ్గర పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటూ.